కోనసీమలో ఏటి ఒడ్డున రూమా? ముందు ఏటిగట్టు ఎటుందో అడగండి

కోనసీమలో గోదారి ఒడ్డున రెండు రోజులుండి రావాలి, మంచి చోటు చెప్పు అని హైదరాబాద్‌లో నన్ను అడగని స్నేహితుడు లేడు. మాది రాజోలు పక్క అని తెలిసిన దగ్గర్నుంచీ ఆఫీసులో అందరికీ నేనొక ఎంక్వయిరీ కౌంటర్‌ని. రిసార్టు పేరు మాత్రం ఎవరికీ చెప్పను. నేను చెప్పి పంపేసరికి అక్కడ వంటమనిషి మానేసి ఉంటాడు, లేకపోతే లీజు చేతులు మారి ఉంటుంది, మాట నాకొస్తుంది. బుక్ చేసే ముందు ఏం అడగాలో, ఏ నెలలో వెళ్ళాలో, వెళ్ళాక ఏం తినాలో చెబుతాను, పేరు మీరే వెతుక్కోండి.

ఫోన్ చెయ్యగానే అడగాల్సిన మాట ఒకటుంది. "మీ రూములు ఏటిగట్టుకి ఏ పక్కనున్నాయండీ?" ఈ ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలిపోతుంది, పైగా మీకు ఊరి సంగతులు తెలుసని అవతలాయనకి అర్థమై మిగతా జవాబులు కాస్త నిజంగా వస్తాయి.

ఏటిగట్టంటే వరద ఊళ్ళ మీద పడకుండా గోదారి పాయల వెంట పోసిన మట్టికట్ట. చాలాచోట్ల దాని మీదే రోడ్డుంటుంది. గట్టుకి ఒక పక్క ఊరు, కొబ్బరితోటలు, వరిచేలు. రెండో పక్క లంక భూములు, అంటే ఏటి మేటలు, ఆ తర్వాత ఏరు. లాడ్జి ఊరి పక్కనుంటే వరద భయం తక్కువ, కానీ కింది గదుల్లోంచి మీకు కనబడేది గోదారి కాదు, గట్టు. ఏటి పక్కనుంటే మంచం మీద పడుకునే నీళ్ళు చూడొచ్చు, కాకపోతే ఏరు పెరిగితే ముందు తడిసేది ఆ గదే. వెబ్‌సైట్‌లో ఉండే ఫోటోలన్నీ డ్రోన్‌తో తీసినవి, డ్రోన్‌కి గట్టు అడ్డం రాదు కదా.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. మా బాబాయ్, పిన్ని షష్టిపూర్తి అయ్యాక రెండు రోజులు ప్రశాంతంగా ఉంటారని ఒకచోట "రివర్ వ్యూ" రూము బుక్ చేశాను. పేరెందుకులెండి. వెళ్ళి కిటికీ తెరిస్తే ఎదురుగా పచ్చటి గట్టు, దాని మీద నాలుగు గేదెలు. బాబాయ్ చాలాసేపు చూసి "గేదెలు బాగున్నాయిరా" అన్నారు. ఆ తర్వాత నుంచి నా ఫోన్ సంభాషణ ఇలా ఉంటుంది:

"రూములోంచి గోదారి కనబడుతుందాండీ?"
"ఆయ్, బాగా కనబడుద్దండి."
"కిటికీలోంచా, మేడెక్కితేనా?"
కాసేపు ఏమీ వినబడదు.
"మేడెక్కితేనండి."

అబద్ధం చెప్పారని కాదు, మనం అడగలేదు, అంతే. కొత్తవాళ్ళకి ఇంకో మాట, "ఆయ్" అంటే అవునని, సరేనని, వింటున్నానని కూడా. అందుకే ఔను కాదు అనే ప్రశ్నలు వెయ్యకండి. "ఏ పక్క", "ఎన్నో అంతస్తు", "ఎన్ని అడుగులు" అని అడగండి.

ఇక ఏ ఊరు చూసుకోవాలి? ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలవుతుంది, వసిష్ఠలోంచి వైనతేయ ఇంకో పాయగా విడిపోతుంది. ఏటి ఒడ్డు బసలు అన్ని పాయల మీదా ఉన్నాయి గానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి వసిష్ఠ మీద దిండి సులువు. పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్లు అక్కడే ఉన్నాయి, చుట్టుపక్కల ప్రైవేటు బసలూ ఉన్నాయి, చించినాడ వంతెన దాటితే అవతల పశ్చిమ గోదావరి. హైదరాబాద్ నుంచి నరసాపురం వెళ్ళే రాత్రి రైలెక్కి పొద్దున్నే పాలకొల్లులో దిగిపోతే అక్కడ్నుంచి ఆటోలోనో కారులోనో దగ్గరే. కారులో వచ్చేవాళ్ళు తణుకు నుంచి మార్టేరు, పాలకొల్లు మీదుగా రండి, దారిలోనే పంచారామాల్లో ఒకటైన క్షీరారామం కూడా చూసినట్టవుతుంది. రాజమండ్రిలో దిగితే రావులపాలెం మీదుగా రావాలి, దూరం ఎక్కువే గానీ ఆ దారికి వేరే లాభం ఉంది, తర్వాత చెబుతాను. రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి మర్చిపోవద్దు. తెల్లారేసరికి దిగిపోతారు, రూమేమో మధ్యాహ్నం గానీ ఇవ్వమంటారు. 24 గంటల లెక్కా, లేక పొద్దున్న ఇన్నింటికల్లా ఖాళీ చెయ్యాలా అన్నది డబ్బు పంపకముందే తేల్చుకోండి. తర్వాత రిసెప్షన్‌లో బ్యాగుల మీద కూర్చుని వాదించడం దండగ.

నెల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. నవంబర్ చివర్నుంచి ఫిబ్రవరి దాకా బంగారంలా ఉంటుంది. పొద్దున్నే మంచు, నీళ్ళు నిలకడగా, చెమట లేకుండా. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం కాబట్టి ఆ వారం వాతావరణ సూచన చూసుకుని కదలండి. ఇక్కడ పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ సంగతైనా తుపానుకి ముందు, తుపానుకి తర్వాత అని లెక్క చెబుతారు, అది 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను. తోటలకి తోటలే పడుకున్నాయి.

జూలై నుంచి సెప్టెంబర్ మొదటివారాల దాకా వరదల కాలం. ఆ నెలల్లో గోదారి అందం వేరు, ఎర్రటి నీరు ఒడ్లు ఒరుసుకుంటూ పోతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. అయినా పిల్లలతో, పెద్దవాళ్ళతో మాత్రం వెళ్ళొద్దంటాను. వెళ్ళి తీరాలంటే రెండు అంకెలు చూడ్డం నేర్చుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందకి వస్తున్నట్టు, మూడోదంటే 17 లక్షలు. 2022 జూలైలో అది 25 లక్షలు కూడా దాటింది. రెండో అంకె ఇంకా ముందే తెలుస్తుంది. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, ఆ తర్వాత 48, 53. భద్రాచలంలో పెరిగిన నీరు ఇక్కడికి రావడానికి టైము పడుతుంది కాబట్టి బయల్దేరే రోజు పొద్దున టీవీలో భద్రాచలం స్క్రోలింగ్ చూస్తే మర్నాడు మీ రూము దగ్గర ఎలా ఉంటుందో ఒక అంచనా వచ్చేస్తుంది. అక్కడ 43 దాటి ఇంకా పెరుగుతోందంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. లాడ్జివాళ్ళు "ఏం పర్లేదండి, వచ్చెయ్యండి" అంటారు. వాళ్ళకి నిజంగానే ఏం పర్లేదు, చిన్నప్పట్నుంచీ చూస్తున్న వరద. మీకు పడవ ఆగిపోతుంది, కరెంటు పోతుంది, లంక దారులు మునిగిపోతాయి, రెండు రోజులు జనరేటర్ చప్పుడు వింటూ కూర్చుంటారు.

ఎండాకాలం గురించి ఎవరూ చెప్పని సంగతి నీళ్ళు. ఎదురుగా ఇంత ఏరుంది కదా, నీళ్ళకేం కొదవ అనుకుంటాం. దిండి దగ్గర వసిష్ఠలోకి సముద్రం పోటు వస్తుంది, పైనుంచి వరద తగ్గిపోయాక ఎండల్లో ఉప్పు బాగా పైకి ఎక్కుతుంది. బోరు వేసినా చాలాచోట్ల ఉప్పు తగులుతుంది. ఇక్కడ మనుషులకైనా కొబ్బరిచెట్లకైనా ప్రాణం కాలవ నీళ్ళే, ఆ నీళ్ళు వచ్చే దారి చూస్తే మతిపోతుంది. పి.గన్నవరం దగ్గర గోదారి కాలవ వైనతేయ పాయ మీదుగా అక్విడెక్టులో దాటి ఈ రాజోలు వైపు వస్తుంది. కింద ఏరు, పైన కాలవ. పాతది కాటన్ దొర కాలంలో కట్టినది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, లంకల గన్నవరంలో ఆకలన్నవాడికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. 1852లో కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తవకపోతే ఈ తోటలూ లేవు, మీరు ఫోటో దిగే ఆ పచ్చదనమూ లేదు, అందుకే ఇక్కడ ఊరూరా కాటన్ విగ్రహం కనబడుతుంది. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. అప్పుడు లాడ్జి ట్యాంకులోకి ఏ నీళ్ళు వస్తున్నాయో అడగండి. "బోరు నీళ్ళాండీ, కాలవ నీళ్ళాండీ?" అన్న ప్రశ్న ఏప్రిల్, మే నెలల్లో ఏసీ ఉందా అన్నదానికంటే ముఖ్యం. సబ్బు రుద్దితే నురగ రాని స్నానం రెండో రోజుకి విసుగొస్తుంది.

ఉప్పు సంగతి వచ్చింది కాబట్టి పోటు గురించి కూడా. బస దొరికాక మొదటి రోజు సాయంత్రం ఏమీ పెట్టుకోకుండా రేవు మెట్ల మీద ఊరికే కూర్చోండి. నీళ్ళ మీద గుర్రపుడెక్క గుంపులు తేలుతూ సముద్రం వైపు పోతుంటాయి. కాసేపటికి వాటి నడక మందగిస్తుంది. ఒకచోట ఆగిపోయి, గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరతాయి. ఏరు ఎదురు పారుతోందన్నమాట. ఊదారంగు పువ్వు ఉన్న ఒక గుంపుని గుర్తుపెట్టుకుని చూస్తే అది మీ ముందు నుంచి రెండుసార్లు పోతుంది. పడవవాళ్ళు వాచీ చూడకుండా పోటు తగిలిందో పాటు తీసిందో చెప్పేది ఇలాంటివి చూసే. రెండు రోజుల్లో మేం చూసిన అన్ని గుళ్ళకంటే, తోటలకంటే మా అబ్బాయికి ఇదే గుర్తుండిపోయింది.

అదే కారణాన ఈతకి దిగొద్దు. పైకి నిలకడగా కనబడే నీళ్ళు కింద ఒకవైపు లాగుతుంటాయి, ఒడ్డున ఒండ్రుమట్టిలో మోకాలిదాకా దిగబడితే చెప్పు కూడా రాదు. ఇసక తీసిన గోతులు ఎక్కడున్నాయో ఊరివాళ్ళకే తెలీదు. మెట్లున్న రేవులో, ఊరివాళ్ళు స్నానం చేసే చోట, చెంబుతో పోసుకుంటే చాలు. బోటెక్కితే లైఫ్ జాకెట్ కట్టుకోండి, పొట్ట దగ్గర బకిల్ బిగించకుండా భుజాన వేసుకుంటే అది జాకెట్ కాదు, కండువా. 2019 సెప్టెంబర్‌లో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు వరద రోజుల్లోనే బయల్దేరింది. బోటువాళ్ళు ఇవాళ తియ్యమండి అంటే బతిమాలకండి, ఇంకో ఐదొందలిస్తాం అనకండి. హౌస్‌బోట్‌లో రాత్రి పడుకునే ఉద్దేశం ఉంటే రాత్రి ఎక్కడ కట్టేస్తారు, ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది అని ముందే కనుక్కోండి.

తిండికి వద్దాం. పులస. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న మాట వినని తెలుగువాడు లేడు, ఆ మాట పుణ్యాన మోసపోనివాడూ తక్కువే. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. వరదకి కొత్త ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు అది గుడ్లు పెట్టడానికి గోదారిలోకి ఎదురీదుతూ వస్తుంది, తీపినీళ్ళలో ఈదే కొద్దీ ఉప్పు పోయి కొవ్వు పట్టి పులసవుతుంది. అంటే దొరికేది వరద నెలల్లోనే, అదీ కొద్దిగా, అదీ వేలల్లో. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మెనూలో పులస పులుసు కనబడిందంటే అది ఐసులో నిద్రపోయి లేచిన విలస, ఒడిశా నుంచో బెంగాల్ నుంచో లారీలో వచ్చి ఉంటుంది. తినకూడదని కాదు, విలస రేటుకి తినండి. సీజన్‌లో వెళ్ళి నిజమైనది తినాలనుంటే లాడ్జి మెనూ పక్కన పెట్టి, అక్కడి వంటావిడతో ఒక రోజు ముందే మాట్లాడండి. ఆవిడే చెబుతారు, ఇవాళ వండి ఇవాళ తినేది కాదండీ అని. బెండకాయలు వేసి, చింతపండు పులుసు పోసి, మట్టి దాకలో సన్నటి సెగన మరగనిచ్చి, దింపి మర్నాటిదాకా ఉంచాలి. ముళ్ళు విపరీతం, పిల్లలకి పెట్టేటప్పుడు జాగ్రత్త. అందుకే పులస కోసం వెళ్ళేవాళ్ళు కనీసం రెండు రాత్రులు ఉండాలి.

మిగతా రోజుల్లో అడగాల్సినవి వేరే. చాలా లాడ్జిల్లో అడక్కపోతే పనీరు బటర్ మసాలా, ఫ్రైడ్ రైస్ పెడతారు, సిటీవాళ్ళకి అదే ఇష్టమని వాళ్ళ నమ్మకం. ముందురోజు రాత్రి చెప్పి పెడితే ఆవ పెట్టిన పనసపొట్టు కూర, చింతకాయ వేసిన రొయ్యలు, దిబ్బరొట్టి దొరికే చోట్లున్నాయి. పొద్దున టిఫిన్‌కి అంబాజీపేట వైపు వెళ్తే పొట్టిక్కలు తినండి, పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీ అది, ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది, విప్పుతుంటే చేతికీ అంటుతుంది.

సంక్రాంతికి వెళ్దామనుకుంటున్నారా, అయితే దసరాకే బుక్ చేసుకోండి. ఆ మూడు రోజులూ కోడిపందేల జనంతో గోదావరి జిల్లాల్లో రూమన్నది ఉండదు, ఉన్నా రేటు వినలేం. నన్నడిగితే పందేలు వదిలెయ్యండి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు ఆ తోటకి వస్తాయి. వెదురుతో కట్టి, రంగురంగుల బట్టలు చుట్టిన ఎత్తయిన ప్రభని మనుషులు భుజాన వేసుకుని మోసుకొస్తారు. గంగలకుర్రు వాళ్ళవైతే నేరుగా కౌశిక కాలవలోకి దిగిపోతాయి. ఆ నీళ్ళలో "శరభా అశ్శరభా" అని అరుస్తూ, ప్రభ ఒరిగినట్టే ఒరిగి మళ్ళీ నిలబడుతుంటే, గట్టు మీద నిలబడ్డ మనకి ఊపిరాడదు. కారు దూరంగా ఎక్కడో ఆపి నడిచి వెళ్ళాల్సిందే, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. మాఘంలో భీష్మ ఏకాదశికి ముందు రాత్రి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం, ఏకాదశి నాడు రథోత్సవం, అప్పుడు కూడా దిండి చుట్టుపక్కల రూములు దొరకవు. మామూలు రోజుల్లో అంతర్వేది సగం రోజు పని, దర్శనం చేసుకుని వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్ళి చూసి రావొచ్చు. అప్పనపల్లి బాలబాలాజీ గుడి, పి.గన్నవరం అక్విడెక్టు ఇంకో పూట. రాజమండ్రి దారికి వేరే లాభం ఉందన్నాను కదా, అది ర్యాలి గుడి. ఒకే రాతిలో ముందువైపు కేశవస్వామి, వెనకవైపు జగన్మోహిని, జడ ముడితో సహా. పూజారి గారు దీపం పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి చూపిస్తారు, తొందరపడి ముందు నుంచే దణ్ణం పెట్టి వచ్చెయ్యకండి. పక్కనే ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇళ్ళుంటాయి, కుండ మీద పలచటి పిండి గుడ్డతో ఒక్క లాగు లాగి రేకు తియ్యడం చూశాకే కొనండి. నాకైతే బెల్లంవే ఇష్టం.

బసకి చేరాక చిన్న చిన్నవి. కొబ్బరిచెట్టు కింద కారు పెట్టకండి. కొబ్బరిచెట్టుకి కళ్ళుంటాయి, మనిషి మీద కాయ పడదు అంటారు ఇక్కడ, కారు అద్దానికి ఆ నియమం వర్తించదు. వాచ్‌మన్ కుర్చీ వేసే ముందు ఒకసారి తలెత్తి పైకి చూస్తాడు గమనించండి, మీరూ అలవాటు చేసుకోండి. సాయంత్రం ఆరు కాకముందే కిటికీలు మూసెయ్యండి, ఏటి గాలి అనుకుని తెరిచి ఉంచితే దోమలు ఏటి గాలికంటే ముందొస్తాయి. టార్చి లైటు పట్టుకెళ్ళండి, తోటలో రాత్రి ఫోన్ వెలుగుతో నడవొద్దు, పాములుంటాయి. తెల్లవారుజామున మోటారు చప్పుడు వినబడితే కంప్లయింట్ చెయ్యకండి, అది చేపల పడవ. లేచి రేవులోకి వెళ్తే అప్పుడే దింపిన చేప బేరం ఆడొచ్చు, లాడ్జిలో వండించుకోవడానికి ఎంత తీసుకుంటారో మాత్రం ముందే అడగండి.

తిరుగు ప్రయాణంలో నరసాపురంలో రైలెక్కేవాళ్ళు వంతెన మీదుగా కాకుండా సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే బల్లకట్టు మీద, దాటి చూడండి. మనుషులు, బైకులు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకే పంటు మీద. వరదొచ్చినా, నీళ్ళు బాగా తీసేసినా ఆపేస్తారు, కాబట్టి ముందురోజు రాత్రే లాడ్జిలో "రేపు పంటు తిరుగుద్దాండీ?" అని అడగండి. తిరగదంటే చించినాడ వంతెన మీదుగా వెళ్ళడానికి గంట ముందు బయల్దేరండి.